పాఠకుల ప్రశ్నలు: చోంగ్‌చింగ్ బజారు నడుమ విమోచన స్తంభం

ప్రశ్న: మా అబ్బాయి చైనాలోని చోంగ్‌చింగ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నవంబరులో మేమిద్దరం అతని దగ్గరికి వెళ్తున్నాము. ముప్పై ఏళ్ళు సాంఘికశాస్త్రం బోధించి రిటైరయిన దానిని కాబట్టి, నగరం నడిబొడ్డున ఉన్న విమోచన స్మారక స్తంభాన్ని చూడాలని ఉన్నదని చెప్పాను. ‘అది షాపింగ్ వీధిలో ఉన్న గడియారపు స్తంభం అమ్మా, ఐదు నిమిషాల్లో చూసేయవచ్చు, అక్కడికి అందరూ బట్టలు కొనడానికీ తినడానికీ వెళ్తారు’ అంటున్నాడు. నిజంగా అంతేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, కంటికి కనిపించేంత వరకు మీ అబ్బాయి చెప్పినది నిజమే. ఆ స్తంభం ఎత్తు 27.5 మీటర్లు. ఎనిమిది పలకలుగా కట్టిన కాంక్రీటు కట్టడం, పైభాగాన గడియారం, లోపల మెలికలు తిరిగే మెట్లు ఉన్నాయి. ఆ మెట్లెక్కడానికి సాధారణంగా సందర్శకులను అనుమతించరు. దాని పక్కనే నిలిచిన ప్రపంచ ఆర్థిక కేంద్ర భవనం ఎత్తు 339 మీటర్లు, అంటే స్తంభానికి పన్నెండింతల పైమాట. నాలుగు వైపులా మాల్స్, గడియారాల దుకాణాలు, నగల దుకాణాలు, ఎల్‌ఈడీ తెరలు. సాయంత్రం ఆరు దాటాక వెళ్తే ఆ వెలుగులలో స్తంభం ఎక్కడున్నదో వెతుక్కోవలసి వస్తుంది. 1997లో ఈ కూడలిలో వాహనాలను ఆపివేసి పాదచారుల వీధిగా మార్చినప్పటి నుంచి జనం రద్దీ అంతకంతకు పెరిగింది. చైనీయులు స్తంభాన్ని ‘జ్యేఫాంగ్‌బేయ్’ అంటారు. ‘జ్యేఫాంగ్’ అంటే విమోచన, ‘బేయ్’ అంటే స్మారక శిల. ఇప్పుడు ఆ మాట చుట్టూ ఉన్న బజారు మొత్తానికి పేరైపోయింది. ‘జ్యేఫాంగ్‌బేయ్‌కి వెళ్దాం’ అన్నవారిలో ఎక్కువమంది ఉద్దేశం దుకాణాలకు వెళ్దామనే.

అయితే ఆ స్తంభాన్ని తెచ్చి బజారు మధ్యలో పెట్టలేదు, స్తంభం చుట్టూ కొత్తగా బజారు పుట్టనూ లేదు. అది యుద్ధానికి ముందు నుంచీ వ్యాపారకూడలే. ఆనాడు ఆ వీధిని తూయో వీధి అనేవారు. 1937లో జపాన్ దాడి మొదలయ్యాక చైనా జాతీయ ప్రభుత్వం నాన్‌జింగ్‌ను విడిచి, యాంగ్‌ట్సీ, జ్యాలింగ్ నదులు కలిసే చోట కొండల మీద ఉన్న చోంగ్‌చింగ్‌ను యుద్ధకాలపు రాజధానిగా చేసుకున్నది. 1946లో తిరిగి వెళ్ళేవరకు దేశపాలన ఇక్కడి నుంచే సాగింది. రాజధాని అయింది కాబట్టి జపాన్ విమానాలు 1938 నుంచి 1943 వరకు ఈ నగరం మీద బాంబులు కురిపించాయి. నగరాన్ని పట్టుకోవడానికి నదీమార్గమూ కొండలూ అడ్డు కావడం చేత, ఆకాశం నుంచి కాల్చి ప్రజల ధైర్యాన్ని విరగ్గొట్టాలన్నది ఆ దాడుల ఉద్దేశం. 1939 మే 3, 4 తేదీలలో, ఆ రెండు రోజులలోనే, వేలమంది మరణించారు. కిక్కిరిసిన చెక్క ఇళ్ళు అంటుకొని నగర మధ్యభాగం బూడిదయింది. ఐదేళ్ళకు పైగా సాగిన దాడులన్నీ కలిపి పదివేలకు పైగా ప్రాణాలు తీశాయి.

ఆ కాలిన కూడలిలో 1940ల మొదట్లో ఒక చెక్క బురుజు కట్టారు. దానికి ‘మనోబల దుర్గం’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఎత్తు సరిగ్గా 7 జాంగ్‌ల 7 చీలు, ఇవి మన బారలు, మూరల వంటి పాత చైనా కొలతలు. 1937 జులై 7న యుద్ధం మొదలయింది కనుక ఆ ఏడు, ఏడు అంకెలను ఎత్తులోనే పెట్టుకున్నారు. పైనుంచి వచ్చే విమానాల కంట పడకుండా నల్లని రంగు పూశారు. స్మారకాన్ని నలుగురికీ కనపడేలా కట్టడం లోకం పోకడ. కనపడితే కూల్చేస్తారని తెలిసి, నల్లరంగు పూసి మరీ కట్టిన స్మారకం ఇది. మీరు ఆ కూడలిలో నిలబడినప్పుడు, ఈ కాంతుల నడుమ, ఆ నల్లని చెక్క బురుజును ఒక్కసారి మనసులో నిలుపుకోవాలని నా కోరిక.

యుద్ధం ముగిసేనాటికి ఆ చెక్క కట్టడం శిథిలమైంది. అదే చోట 1946 అక్టోబరులో శంకుస్థాపన చేసి, 1947 అక్టోబరులో, జపాన్ మీద విజయానికి గుర్తుగా, ఇప్పుడున్న కాంక్రీటు స్తంభాన్ని పూర్తిచేశారు. మీరు చూడబోయేది ఇదే.

ఇక ఎలా చూడాలన్న విషయం. మెట్రో రెండో లైనులో లిన్‌జ్యాంగ్‌మెన్ స్టేషన్‌లో దిగితే కొద్ది నిమిషాల నడక. విమానాశ్రయం నుంచి వచ్చేవారు మూడో లైను ఎక్కి న్యూజ్యావ్‌తో స్టేషన్‌లో రెండో లైనుకు మారాలి. వెళ్ళదలచుకుంటే దుకాణాలు తెరవక ముందు వెళ్ళండి. నేను ఒక చలికాలపు ఉదయం ఏడున్నరకు అక్కడికి చేరాను. రాత్రి కడిగిన రాతిపలకలు ఇంకా తడిగానే ఉన్నాయి. స్తంభం పాదాన ఉన్న పూలమళ్ళ అంచు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు, ఆయన భుజానికి ఒక వెదురుబొంగు ఆనించి ఉన్నది, దానికి నైలాను తాళ్ళు చుట్టి ఉన్నాయి. ఈ కొండల ఊరిలో మెట్ల మీదుగా సరుకులు మోసే కూలీలను ‘పాంగ్‌పాంగ్’లు అంటారు. ‘పాంగ్’ అంటే కర్ర. మన కావడి వంటిదే. లిఫ్టులూ సరుకుల వ్యాన్లూ వచ్చాక వారి సంఖ్య బాగా తగ్గిపోయింది. ఒక దుకాణం షట్టరు పైకి లేచిన చప్పుడు వినగానే ఆయన బొంగు భుజాన వేసుకొని అటు నడిచాడు. ఆ సమయంలో స్తంభాన్ని పాదం నుంచి శిఖరం దాకా అడ్డంకి లేకుండా చూడగలిగాను. పది గంటలకు మళ్ళీ అటువైపు వస్తే ఫొటోలు తీసుకునేవారి తలలు తప్ప మరేమీ కనపడలేదు.

కూడలిలో కలిసే వీధుల పేర్లు కూడా అబ్బాయిని చదివి చెప్పమనండి. మిన్‌జూ రోడ్డు, మిన్‌చ్యువాన్ రోడ్డు, వాటికి దగ్గరలోనే మిన్‌షెంగ్ రోడ్డు. జాతీయత, ప్రజాధికారం, ప్రజల జీవనం అన్న, చైనా విప్లవ నాయకుడు సన్ యట్‌సేన్ మూడు సూత్రాలవి. నాలుగోది జోరోంగ్ రోడ్డు. ఈ జోరోంగ్ చోంగ్‌చింగ్‌లోనే పుట్టి, అప్పుడు చైనాను ఏలుతున్న మాంచూల చింగ్ రాజవంశాన్ని కూలదోయాలని పిలుపునిచ్చి, 1905లో ఇరవై ఏళ్ళు నిండీ నిండకుండానే షాంఘై జైలులో మరణించిన యువకుడు. ప్రభుత్వం మారినా ఈ పేర్లు మారలేదు. చరిత్ర పాఠం చెప్పినవారికి ఆ నాలుగు బోర్డులే ఒక గంట పాఠానికి చాలు.

అక్కడి నుంచి నడిచి పది నిమిషాలలోపు జ్యావ్‌ఛాంగ్‌కో చేరండి. అక్కడ, బాంబుదాడుల కాలంలో జనం తలదాచుకొన్న పెద్ద సొరంగం ద్వారం ఉన్న చోట, స్మారకం ఉన్నది. 1941 జూన్ 5 సాయంత్రం మొదలైన దాడి విడతలు విడతలుగా గంటల తరబడి సాగింది. పట్టేవారికంటే ఎంతో ఎక్కువమంది లోపల కిక్కిరిసిపోయారు. గాలి చొరలేదు. బాంబు ఒక్కటీ లోపల పడకుండానే, ఊపిరాడకా తొక్కిసలాటలోనూ జనం చనిపోయారు. ఎందరు అన్న విషయంలో లెక్కలు కుదరవు. సుమారు వెయ్యి అని ఒక లెక్క, అంతకు ఎన్నో రెట్లని మరొకటి. స్తంభాన్ని మాత్రమే చూసి వచ్చినవారికి విజయం కనిపిస్తుంది, ఆ విజయానికి ఎవరు మూల్యం చెల్లించారో ఈ సొరంగం దగ్గర గాని తెలియదు. నా మటుకు నేను, రెండింటిలో ఒకటే చూడగల సమయముంటే సొరంగం దగ్గరికే వెళ్ళమంటాను.

మరికొంత వ్యవధి ఉంటే రెండో లైనులోనే జెంగ్‌జ్యాయాన్ స్టేషన్ దగ్గరున్న త్రీ గోర్జెస్ మ్యూజియం చూడండి. బాంబుదాడుల గురించిన ప్రదర్శన అక్కడ ఉన్నది. సోమవారం సెలవు. పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. నవంబరులో వెళ్తున్నారు కాబట్టి ఎండ కనిపించకపోవచ్చు, ఫొటోలు బాగా రావని చింతించకండి. చలికాలమంతా ఈ నగరాన్ని కమ్ముకొనే పొగమంచే ఆ రోజుల్లో ప్రజలను కాపాడింది. మంచు పట్టిన నెలల్లో విమానాలకు గురి దొరికేది కాదు, మంచు విడిపోయిన వేసవిలోనే దాడులు ముమ్మరమయ్యేవి. ఎర్రని సూర్యోదయం చూసి భయపడి, మసక ఉదయం చూసి ఊపిరి పీల్చుకున్న ఊరు అది.

ప్రశ్న: జపాన్ మీద విజయానికి గుర్తుగా కట్టిన స్తంభానికి ‘విమోచన’ అన్న పేరు ఎందుకు వచ్చింది? దీనికి అసలు పేరు ఏది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: 1947లో కట్టినప్పటి పేరు ‘ప్రతిఘటన యుద్ధ విజయ స్మారక స్తంభం’. కట్టించినది చ్యాంగ్ కై షేక్ నాయకత్వంలోని జాతీయ ప్రభుత్వం. రెండేళ్ళు తిరిగేసరికి అంతర్యుద్ధంలో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. 1949 నవంబరు 30న కమ్యూనిస్టు సైన్యం చోంగ్‌చింగ్‌లో ప్రవేశించింది. 1950లో స్తంభం మీది పాత అక్షరాలను తీసివేసి, ‘ప్రజా విమోచన స్మారక స్తంభం’ అని కొత్త అక్షరాలు చెక్కారు. ఆ అక్షరాలను రాసి ఇచ్చినది సేనాని ల్యూ పోచెంగ్. ఆ ప్రాంతాన్ని స్వాధీనం చేసుకున్న సైన్యానికి నాయకుడాయన. కాబట్టి ఈ ‘విమోచన’ జపాన్ నుంచి వచ్చిన విమోచన కాదు, 1949 నాటి అధికార మార్పిడికి పెట్టిన పేరు.

ఆ తరువాత పుట్టినవారిలో చాలామంది దానిని 1949కి గుర్తుగానే చూస్తూ పెరిగారు. అసలు పేరును మళ్ళీ వెలుగులోకి తేవాలన్న వాదన చైనాలోనే వినిపించింది. 2013లో దీనిని జాతీయ స్థాయి రక్షిత కట్టడాల జాబితాలో చేర్చినప్పుడు రెండు పేర్లనూ కలిపి, ‘ప్రతిఘటన యుద్ధ విజయ స్మారకం మరియు ప్రజా విమోచన స్మారకం’ అనే అర్థం వచ్చేలా నమోదు చేశారు. స్తంభం మీద మాత్రం 1950 నాటి పేరే ఉన్నది. రెంటినీ ఉంచడం సరైన పని అనే నేను నమ్ముతున్నాను, ఎందుకంటే ఒక పేరును చెరిపితే ఐదేళ్ళ బాంబుదాడులను తట్టుకున్న జనం చెరిగిపోతారు, రెండోదాన్ని చెరిపితే ఆ రాతి మీద నిజంగా జరిగిన మార్పు చెరిగిపోతుంది. 1948 సెప్టెంబరు 17ను విమోచనమనాలా, విలీనమనాలా అన్న చర్చను ఏటా వింటున్న మీ జిల్లావారికి ఈ పేర్ల పట్టింపు ఎంత లోతైనదో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

పాత పుస్తకాలలో ఈ ఊరి కోసం వెతికితే ‘చుంగ్‌కింగ్’ అన్న పేరుతో కనిపిస్తుంది. రెండూ ఒకే ఊరు.

ప్రశ్న: మా తాతగారు 1942లో కాకినాడ రేవు మీద బాంబులు పడిన సంగతి చెబుతుండేవారు. చోంగ్‌చింగ్ మీద పడినవీ అదే యుద్ధంలోనివేనా? ఆ నగరంతో మన దేశానికి సంబంధం ఉన్నదా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అదే యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాన్ నౌకాదళ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మన తీరం ఒక్క రోజు చూసినదాన్ని ఆ నగరం ఐదేళ్ళు చూసింది. మీ తాతగారి జ్ఞాపకం ఉన్న ఇంటివారికి ఆ స్తంభం పరాయిది కాదు.

రెండో ప్రశ్నకు వస్తే, 1939 ఆగస్టులో జవాహర్‌లాల్ నెహ్రూ చోంగ్‌చింగ్ వెళ్ళారు. ఆయన అక్కడున్న రోజులలోనే విమానదాడులు జరిగాయి, ఊరివారితో పాటు ఆయనా నేలమాళిగలలో తలదాచుకున్నారు. అంతలో ఐరోపాలో యుద్ధం మొదలుకావడంతో పర్యటనను కుదించుకొని తిరిగివచ్చారు. అంతకుముందే, 1938లో కాంగ్రెస్ పంపిన ఐదుగురు వైద్యుల బృందం చైనా చేరి, చోంగ్‌చింగ్ మీదుగానే ఉత్తరాన కమ్యూనిస్టుల స్థావరమైన యెనాన్‌కు వెళ్ళింది. ఆ ఐదుగురిలో షోలాపూర్‌కు చెందిన డాక్టర్ కోట్నీస్ 1942లో చైనాలోనే కన్నుమూశారు. ఆ ఏడాదే భారత ప్రభుత్వం తరఫున జఫరుల్లా ఖాన్ ఏజెంట్ జనరల్‌గా, అంటే రాయబారి వంటి ప్రతినిధిగా, చోంగ్‌చింగ్‌లో నియమితులయ్యారు, ఆయన తరువాత కె.పి.ఎస్. మీనన్ ఆ పదవిలోకి వచ్చారు. బర్మా నుంచి చైనాకు సరుకులు చేరవేసే బర్మా రోడ్డు తెగిపోయాక ఆ నగరానికి మందులూ పెట్రోలూ ఆయుధాలూ అస్సాం నుంచి హిమాలయాల మీదుగా విమానాలలో కున్‌మింగ్ చేరి, అక్కడి నుంచి వెళ్ళేవి. అంటే, చోంగ్‌చింగ్ నిలబడిన చివరి సంవత్సరాలలో దాని ఊపిరిగొట్టం ఒక కొస మన దేశంలోనే ఉన్నది.

ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం. ఆ ప్రాంతంలో భోజనానికి ఇబ్బంది ఉంటుందా? డబ్బు ఎలా చెల్లించాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: ఇబ్బంది ఉంటుంది, ముందే తెలుసుకొని వెళ్ళడం మంచిది. చోంగ్‌చింగ్‌కు పేరు తెచ్చిన హాట్‌పాట్ పులుసును ఎక్కువగా ఆవు కొవ్వుతో చేస్తారు. మీరు కూరగాయలే వేయించుకున్నా ఆ పులుసులోనే ఉడుకుతాయి. ఆ ఊరివారు ఉదయాన్నే తినే ‘శ్యావ్‌మ్యెన్’ అనే కారపు నూడుల్స్‌లో మాంసం కనపడకపోయినా పంది కొవ్వు వేయడం మామూలు. ‘వో ఛి సు’ అంటే ‘నేను శాకాహారిని’ అని అర్థం. ఆ మాట ఒక్కటే అంటే మాంసం ముక్కలు తీసేసి అదే గిన్నె ఇచ్చే ప్రమాదమున్నది. కనుక ఆవు కొవ్వు, పంది కొవ్వు, మాంసపు పులుసు వద్దని చైనీస్‌లో రాయించుకొని ఫోనులో చూపించండి. స్తంభానికి నడక దూరంలో, శ్యావ్‌షిజ్ మెట్రో స్టేషన్ దగ్గర, లోహాన్ ఆలయం ఉన్నది. అర్హంతుల ఐదువందల విగ్రహాలున్న ప్రాచీన బౌద్ధాలయం, యుద్ధకాలపు దాడులలో దెబ్బతిని మళ్ళీ కట్టినది. బౌద్ధ సంప్రదాయపు శాకాహారంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. భోజనానికి అటువంటి చోట్లే నమ్మదగినవి.

చెల్లింపులకు అలీపే గాని వీచాట్ గాని ఫోనులో పెట్టుకొని, విదేశాలలో పనిచేసే వీసా లేదా మాస్టర్‌కార్డును బయలుదేరక ముందే దానికి జతచేసుకోండి. కొద్దిపాటి యువాన్ నోట్లూ దగ్గర ఉంచుకోండి. గూగుల్ మ్యాప్ మీద ఆధారపడవద్దు. పైగా కొండల మీద ఊరు కనుక మ్యాపులో పక్కపక్కనే కనిపించే రెండు చోట్ల మధ్య వంద మెట్లు ఉండవచ్చు. దగ్గరలోని హోంగ్యాతోంగ్ భవన సముదాయంలో పదకొండో అంతస్తు నుంచి బయటికి వచ్చినా వీధే, ఒకటో అంతస్తు నుంచి వచ్చినా వీధే. మోకాళ్ళ నొప్పులున్నవారు లిఫ్టు ఎక్కడున్నదో ముందు అడగడం మేలు. భారతీయులకు వీసా తప్పనిసరి. ఇతర దేశాలవారికి ఇస్తున్న 240 గంటల వీసారహిత మజిలీ మనకు వర్తించదు.

ప్రశ్న: నేను చోంగ్‌చింగ్‌లో వైద్యవిద్య చదువుతున్నాను. జూన్ 5న ఊరంతా సైరన్లు మోగుతాయని, కంగారు పడవద్దని సీనియర్లు చెప్పారు. ఎందుకు మోగిస్తారు? ఆ సమయంలో మేమేం చేయాలి?
– ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: పైన చెప్పిన సొరంగ దుర్ఘటన జరిగిన తేదీ అది. ఏటా ఆ రోజు నగరమంతటా విమానదాడి సైరన్లు మోగించి చూస్తారు. ఎక్కడికీ పరుగెత్తనక్కరలేదు, ఉన్న చోటే ఉండవచ్చు. మీకు వీలైతే ఆ పూట జ్యేఫాంగ్‌బేయ్ కూడలిలో గాని, జ్యావ్‌ఛాంగ్‌కో స్మారకం దగ్గర గాని ఉండండి. సైరన్ మూడు రకాలుగా మోగుతుంది. మొదటిది ముందస్తు హెచ్చరిక, కొంతసేపు మోగి కొంతసేపు ఆగుతుంది. రెండోది విమానాలు వచ్చేశాయన్న హెచ్చరిక, ఆరు సెకన్లు మోగి ఆరు సెకన్లు ఆగుతూ త్వరత్వరగా వినిపిస్తుంది. మూడోది మూడు నిమిషాల పాటు ఎక్కడా తెగని ఒకే స్వరం, ముప్పు తొలగింది, బయటికి రావచ్చని దాని అర్థం. 1941లో ఆ రాత్రి సొరంగంలో ఉన్నవారు ఎదురుచూసినది, వారిలో ఎందరికో వినపడకుండా పోయినది ఆ సంకేతమే.